పాత సామాను కబాడీకి వేసే ముందు: ఏది విప్పాలి, ఏది ముట్టకూడదు

రంజాన్ దగ్గర పడుతోందంటే మన ఇళ్లలో బూజు దులపడం మొదలవుతుంది. అటక మీద నుంచి ఒక్కో సామానూ కిందికి దిగుతుంది. ఛార్జింగ్ నిలవని ల్యాప్‌టాప్, మూత ఊడిన సీపీయూ, అబ్బా గల్ఫ్ నుంచి మోసుకొచ్చిన టేప్ రికార్డర్, రెండు మూడు సెట్‌టాప్ బాక్సులు, దేనివో ఎవరికీ గుర్తులేని అడాప్టర్ల కట్ట. అమ్మీ వాటిని చూసి విసుక్కుని కబాడీ అతణ్ని పిలుస్తుంది. అతను కాటా పెట్టి, కిలో లెక్కన ఎంతో కొంత చేతిలో పెట్టి, గోనెసంచిలో వేసుకుని పోతాడు.

కాటాకు తెలిసేది బరువు ఒక్కటే. ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయిందని మనం అనుకుంటాం గానీ, దాని లోపలున్న ఆరు సెల్స్‌లో చాలాసార్లు మూడో నాలుగో బాగానే ఉంటాయి. కంప్యూటర్ మూలపడినా దానికి కరెంటు ఇచ్చే డబ్బా పని చేస్తూనే ఉండొచ్చు. ఇంకు ఎండిపోయి పారేసిన ప్రింటర్‌లో మోటార్లు కొత్తవాటిలాగే తిరుగుతాయి.

మన ఇళ్లలో పదమూడు పద్నాలుగేళ్ల పిల్లాడో పిల్లో ఒకరుంటారు. ఏ వస్తువు పాడైనా స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని పక్కన కూర్చుంటారు, తిట్లు తింటారు. ఆ పిల్లల కోసం, వాళ్లను తిట్టే పెద్దల కోసం ఈ వ్యాసం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ డబ్బాల్లో ఇంటికి పనికొచ్చేవి ఉన్నాయి, ప్రాణం తీసేవీ ఉన్నాయి. ఏది ఏదో తెలియకపోవడమే అసలు చిక్కు.

ముందు ముట్టకూడనివి

నాకు పదహారేళ్లప్పుడు మామూ వాళ్లింట్లో పాడైన కంప్యూటర్ పవర్ సప్లై విప్పాను. ప్లగ్ తీసి గంటైంది కదా అని ధీమా. బోర్డు చేత్తో పట్టుకుని తిప్పి చూస్తుంటే అడుగున రెండు సోల్డర్ చుక్కలకు బొటనవేలు తగిలింది. చెయ్యి దానంతట అదే విసిరేసింది, బోర్డు పోయి గోడకు కొట్టుకుంది. వేలి మీద రెండు తెల్లటి మచ్చలు. మామూ తిట్టలేదు గానీ స్క్రూడ్రైవర్లన్నీ బీరువాలో పెట్టి వారం రోజులు తాళం వేశారు.

జరిగింది ఏమిటంటే, మన ఇంటి కరెంటు 230 వోల్టుల ఏసీ. పవర్ సప్లై డబ్బా దాన్ని ముందుగా డీసీ చేసి, పెద్ద కెపాసిటర్‌లో నిలవ చేస్తుంది. ఏసీ అల శిఖరం 230కి 1.414 రెట్లు ఉంటుంది కాబట్టి, అక్కడ నిలిచేది దాదాపు 325 వోల్టులు. బాగున్న సప్లై అయితే ప్లగ్ తీశాక కాసేపట్లో లోపలి సర్క్యూటే ఆ ఛార్జ్‌ను తాగేస్తుంది. పాడైన దానిలో తాగేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే చచ్చిపోయిన బోర్డు బతికున్న బోర్డు కంటే ప్రమాదం. ఈ ఒక్క సంగతి ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది.

దాన్ని ఖాళీ చేసే పద్ధతి ఉంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు, 40 వాట్లదో 60 వాట్లదో, హోల్డర్‌లో పెట్టి, దాని రెండు వైర్ల కొసలను కెపాసిటర్ కాళ్లకు తాకించాలి. చేతులు ఇన్సులేషన్ మీదే ఉండాలి. ఛార్జ్ ఉంటే బల్బు ఒక్కసారి మినుక్కుమంటుంది. తర్వాత మల్టీమీటర్‌తో చూసి, పది వోల్టుల కంటే తక్కువ చూపిస్తేనే చెయ్యి పెట్టాలి. కొందరు స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లనూ ఒక్కసారి కలిపేస్తారు. పెద్ద టప్పుమని నిప్పురవ్వ లేస్తుంది, లోహం చిమ్ముతుంది, కంట్లో పడొచ్చు. వద్దు.

ఇక బల్బు, మీటరు ఏదున్నా సరే ఇంట్లో విప్పకూడనివి కొన్ని ఉన్నాయి. మైక్రోవేవ్ ఓవెన్ వాటిలో మొదటిది. దాని ట్రాన్స్‌ఫార్మర్ రెండు వేల వోల్టుల దాకా ఇస్తుంది, అదీ మనిషిని నిలబెట్టి చంపేంత బలంతో. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పీకి చెక్క మీద మెరుపు తీగల డిజైన్లు కాల్చే వీడియోలు పిల్లల ఫోన్లలో తిరుగుతుంటాయి. అది చేయబోయి అమెరికాలో చాలామంది చనిపోయారు. మీ పిల్లాడి ఫోన్‌లో అలాంటి వీడియో కనిపిస్తే కూర్చోబెట్టి మాట్లాడండి.

రెండోది పాత డబ్బా టీవీ. దాని పిక్చర్ ట్యూబ్‌కు 20 వేల వోల్టులకు పైగా వెళ్తుంది, ఆపేశాక కూడా కొంత నిలిచి ఉంటుంది. ట్యూబ్ లోపల గాలి లేదు, పగిలితే గాజు పెంకులు లోపలికి పీల్చుకుని బయటికి చిమ్ముతాయి. ఆ గాజులో సీసం కూడా ఉంది. స్పీకర్ కోసమే అయితే వేరే చోట దొరుకుతుంది, దీన్ని వదిలేయండి. ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, వాటిని పగలగొట్టకూడదు. పొట్ట ఉబ్బిన ఫోన్ బ్యాటరీని గుచ్చడం, వంచడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టి చూడడం అసలే కూడదు.

ఏమేం కావాలి

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. డిజిటల్ మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, కాస్త సోల్డర్, ఫ్లక్స్, కరిగిన సోల్డర్‌ను లాగేసే పంప్, మంచి స్క్రూడ్రైవర్ల సెట్. పంప్‌ను దుకాణంలో సక్కర్ అంటే ఇస్తారు. అన్నీ కలిపి ఒక మాదిరి స్మార్ట్‌ఫోన్ రిపేరు ఖర్చు కంటే తక్కువే అవుతుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్ దగ్గర నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా విడిగా దొరుకుతాయి. పాత సామాను కావాలంటే జుమేరాత్ బజార్ ఉంది, ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది. చెన్నైలో ఉండేవాళ్లకు రిచీ స్ట్రీట్, బెంగళూరు వాళ్లకు ఎస్పీ రోడ్ ఎలాగూ తెలుసు.

పాత బోర్డు నుంచి పార్టు ఊడదీయడానికి ఒక కిటుకు ఉంది. కొత్తవాళ్లు ఐరన్ పెట్టి నొక్కుతూనే ఉంటారు, సోల్డర్ కరగదు, బోర్డు మాడుతుంది. ముందు ఆ చుక్క మీద కొంచెం కొత్త సోల్డర్ వెయ్యాలి. పాతది, కొత్తది కలిసి వెంటనే కరుగుతాయి, అప్పుడు సక్కర్‌తో లాగాలి. తీసెయ్యడానికి ఇంకా వెయ్యమంటున్నారేమిటని మొదట అనిపిస్తుంది. ఒకసారి చేసి చూస్తే తెలుస్తుంది.

మామూలు సోల్డర్‌లో తగరంతో పాటు సీసం ఉంటుంది. ఐరన్ వేడికి సీసం ఆవిరి అవ్వదు. పొగ ఫ్లక్స్‌ది, ఆయాసం ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. సీసం మన ఒంట్లోకి వెళ్లేది చేతుల నుంచి నోట్లోకి. అందుకని అన్నం తినే చోట ఈ పని పెట్టుకోవద్దు. మధ్యలో చాయ్ బిస్కెట్ వద్దు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాకే పిల్లలున్న ఇల్లయితే నేల మీద పడిన సోల్డర్ తుంపులను తడిగుడ్డతో తుడవాలి. చిన్నపిల్లల మెదడుకు సీసం చేసే హాని తర్వాత సరిచేయగలిగేది కాదు.

దాచుకోవాల్సినవి, పారేయాల్సినవి

ఈ హాబీలో కొత్తగా దిగినవాళ్లు ప్రతి బోర్డు నుంచీ ప్రతి రెసిస్టర్‌నూ పీకుతారు. నేనూ పీకాను, డబ్బాల కొద్దీ. కొత్త రెసిస్టర్ పైసల్లో వస్తుంది. దాని కోసం పావుగంట కూర్చోవడం దండగ. పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే ఆ గొట్టాల్లాంటివి, లోపలి ద్రవం ఎండిపోయి ఉంటాయి. వాటిని తిరిగి వాడితే మీరు బాగుచేసిన వస్తువు ఆర్నెల్లలో మళ్లీ పోతుంది. పైభాగం ఉబ్బినవైతే చూడకుండానే పారేయొచ్చు.

విలువైనవి వేరు. ఫ్యాన్లు, మోటార్లు, స్పీకర్లు, రిలేలు, స్విచ్చులు, అల్యూమినియం హీట్ సింకులు, మంచి రాగి వైర్లు, సెట్‌టాప్ బాక్స్‌లో రిమోట్ సిగ్నల్ పట్టుకునే మూడు కాళ్ల రిసీవర్. డీవీడీ డ్రైవ్‌లో లెన్స్‌ను ముందుకూ వెనక్కూ నడిపే చిన్న స్టెప్పర్ మోటార్ ఉంటుంది. అలాంటివి రెండుంటే ఇంజినీరింగ్ పిల్లలు బొమ్మలు గీసే యంత్రం చేస్తారు. అయితే డీవీడీ రైటర్‌లోని లేజర్ జోలికి పోవద్దు, అది రెప్ప వాల్చేలోపు కంటిచూపు దెబ్బతీయగలదు.

వీటన్నిటికంటే మామూలు ఇంట్లో ఎక్కువ అక్కరకొచ్చేది ఆ అడాప్టర్ల కట్టే. వైఫై రూటర్ అడాప్టర్ పోయిందని కొత్తది కొనే ముందు ఆ కట్టలో వెతకండి. చూడాల్సినవి మూడు. వోల్టేజీ సరిగ్గా అంతే ఉండాలి: 12 వోల్టులు అడిగినదానికి 12 వోల్టులే. ఆంపియర్లు అంతే ఉండొచ్చు, ఎక్కువా ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. ఒక ఆంపియర్ అడిగే రూటర్‌కు రెండు ఆంపియర్ల అడాప్టర్ పెడితే కాలిపోతుందని చాలామంది భయపడతారు. కాలదు. రూటర్ తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. బిందె నిండా నీళ్లున్నా గ్లాసుతో ముంచుకుంటే గ్లాసెడే వస్తాయి కదా. మూడోది పిన్ను లోపలి భాగం ప్లస్సా మైనస్సా అన్నది. అడాప్టర్ మీద, రూటర్ వెనక చిన్న వలయం బొమ్మ గీసి ఉంటుంది. రెండు బొమ్మలూ ఒకటే కావాలి.

చేతికి బరువుగా తగిలే పాతకాలపు అడాప్టర్లతో ఒక జాగ్రత్త. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఈ రకాలు 12 అని రాసి ఉన్నా, ఏమీ తగిలించకుండా మీటర్ పెడితే 16, 17 వోల్టులు చూపిస్తాయి. లోడు పడ్డాకే దిగుతాయి. రూటర్లకు, సెట్‌టాప్ బాక్సులకు ఇవి వద్దు.

ఎల్‌ఈడీ బల్బు ఎందుకు ఆరిపోతుంది

తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు పోయిందంటే లోపల అన్నీ పోయాయని కాదు. పైన తెల్లటి ప్లాస్టిక్ టోపీని మెల్లగా తిప్పుతూ లాగితే ఊడుతుంది. కింద అల్యూమినియం పలక మీద పసుపు రంగు చదరాలు ఒక పదో పన్నెండో ఉంటాయి. ఇవన్నీ ఒక దండలో పూసల్లా, వరసగా ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి. ఒక్కటి పోతే దండ తెగినట్టే, అన్నీ ఆరిపోతాయి. పోయినదాని మీద సాధారణంగా సూది మొన అంత నల్లచుక్క కనిపిస్తుంది.

ఆ చదరాన్ని పీకి, ఇంకో చచ్చిన బల్బు నుంచి అదే రకం చదరం తెచ్చి అతికించడమే వైద్యం. వెతికితే ఇంట్లో ఇంకో బల్బు డ్రైవర్ పోయి, ఎల్‌ఈడీలు బాగున్నది ఉంటుంది. అల్యూమినియం పలక వేడిని ఎప్పటికప్పుడు లాగేసుకుంటుంది కాబట్టి ఐరన్‌తో పై నుంచి పీకడం కష్టం. పాత ఇస్త్రీ పెట్టెను తిరగేసి గట్టిగా నిలబెట్టి, దాని మీద పలక పెట్టి కింది నుంచి వేడి చేస్తే చదరాలు వాటంతటవే వదులవుతాయి. పట్టకారుతో తీసి పెట్టేయొచ్చు. బట్టలకు వాడే ఇస్త్రీ పెట్టె కాదండోయ్, అమ్మీకి తెలిస్తే బల్బు కాదు, మీరు ఆరిపోతారు. అలా కుదరకపోతే పోయిన చదరం రెండు కొసలనూ సోల్డర్‌తో కలిపేసినా మిగతావి వెలుగుతాయి. ఒకటికి మించి ఇలా కలపకండి, డ్రైవర్ మీద భారం మారిపోతుంది.

ఇక్కడా ప్రాణం సంగతి ఉంది. చవక బల్బుల్లో ఆ పలకకూ ఇంటి కరెంటుకూ మధ్య అడ్డుగోడ ఉండదు. టోపీ లేకుండా హోల్డర్‌లో పెట్టి ఎక్కడ ముట్టుకున్నా షాకే. పని మొత్తం బల్బు చేతిలో ఉండగానే అవ్వాలి. టోపీ గట్టిగా బిగించాకే హోల్డర్‌లోకి వెళ్లాలి.

ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి కరెంటు పోయినప్పటి దీపం

పాత ల్యాప్‌టాప్‌ల విడదీయగలిగే బ్యాటరీలో సన్నటి గొట్టాల్లాంటి సెల్స్ ఉంటాయి. వీటి పేరే కొలత: 18650. పద్దెనిమిది మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కోటి మామూలుగా 3.7 వోల్టులు, నిండుగా ఛార్జ్ అయితే 4.2. ఆరు సెల్స్ బ్యాటరీలో రెండేసి జంటలు మూడు వరసగా ఉంటాయి. ఒక్క జంట బలహీనపడితే లోపలి బోర్డు మొత్తం బ్యాటరీనే ఆపేస్తుంది. మిగతా రెండు జంటలు బాగున్నా వాటితో మనకు పని లేకుండా పోతుంది. అందుకే పోయిన బ్యాటరీలో మంచి సెల్స్ దొరుకుతాయి.

విప్పడం పెద్దవాళ్ల పని, లేదా పెద్దవాళ్లు పక్కన కూర్చుని చేయించే పని. పగటి పూట, టైల్స్ నేల మీద, పక్కన బకెట్ ఇసుకతో. డబ్బా అతుకును ప్లాస్టిక్ ముక్కతో విప్పాలి. స్క్రూడ్రైవర్ లోపలికి పొడిస్తే సెల్ చిల్లుపడి మండుతుంది. సెల్స్‌ను కలిపే నికెల్ పట్టీలను ఒక్కొక్కటిగా కత్తిరించాలి. ఈ సెల్‌లో ఒక మోసం ఉంది. పైన బొడిపె ప్లస్, మిగతా ఒళ్లంతా మైనస్. రెండింటి మధ్య ఉన్నది పైఅంచు దగ్గర సన్నటి రింగు, రంగు ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. ఆ తొడుగు చినిగిన చోట ఏ వైరు తగిలినా షార్ట్. చినిగిన సెల్‌కు కొత్త తొడుగు వెయ్యాలి, లేకపోతే వాడకూడదు.

ఇప్పుడు ఏరివేత. ఒక్కో సెల్‌కు మీటర్ పెట్టండి. రెండు వోల్టుల కంటే దిగజారినది, తుప్పు పట్టినది, వాసన వేసేది పక్కకు. వాటిని బలవంతంగా ఛార్జ్ చేస్తే కొన్ని లేస్తాయి, నిజమే. కానీ అంత కిందికి పడిపోయిన సెల్ లోపల రాగి కరిగి ఎక్కడో పేరుకుని ఉంటుంది, అది ఏదో ఒకరోజు లోలోపలే షార్ట్ అవుతుంది. మనకు ఆ జూదం వద్దు. మిగిలినవాటిని 4.2 దాకా ఛార్జ్ చెయ్యండి. ఛార్జ్ అవుతుండగా చెయ్యి పెడితే వేడిగా తగిలిన సెల్ కూడా పక్కకే. తర్వాత రెండు వారాలు అలా వదిలేసి మళ్లీ కొలవండి. నాలుగు వోల్టుల కిందికి జారినది ఛార్జ్ నిలవనిది. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. రెండు వారాలు ఆగలేక అప్పుడే దీపం చేసేస్తారు. ఈ వేచి ఉండడమే అసలు పరీక్ష.

ఏరిన ఒక్క సెల్ చాలు. సెల్ హోల్డర్ కొనండి, సెల్‌కు నేరుగా సోల్డర్ పెట్టి కాల్చొద్దు. ఛార్జింగ్‌కు టీపీ4056 అనే చిన్న బోర్డు దొరుకుతుంది. దానిలో రక్షణ సర్క్యూట్ ఉన్నది, లేనిది రెండు రకాలు. ఉన్నదే అడగండి. సెల్ తగిలించే చోట్లు రెండు, బయటికి కరెంటు తీసుకునే చోట్లు రెండు, మొత్తం నాలుగున్నది రక్షణ ఉన్నది. అది సెల్‌ను 4.2 దగ్గర ఆపుతుంది, మరీ ఖాళీ అవ్వకుండా, షార్ట్ అయితే తెగిపోయేలా చూస్తుంది. మామూలు ఐదు వోల్టుల ఫోన్ ఛార్జర్‌తో ఛార్జ్ అవుతుంది.

వెలుగుకు తెల్ల ఎల్‌ఈడీలు ఐదు. ప్రతిదానికీ విడిగా ఒక రెసిస్టర్. ఎంతది అన్న లెక్క ఎనిమిదో తరగతి పిల్లలు వేయగలరు. నిండు సెల్ 4.2 వోల్టులు, ఎల్‌ఈడీ తినేది 3.1 వరకు, మిగిలింది 1.1. మనకు కావాల్సిన కరెంటు 20 మిల్లీఆంపియర్లు, అంటే 0.02. ఒకటి పాయింట్ ఒకటిని దానితో భాగిస్తే 55. దుకాణంలో దొరికేది 56 ఓమ్‌లు. ఐదు ఎల్‌ఈడీలు కలిపి 100 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయి. పాత సెల్‌లో 1,500 మిల్లీఆంపియర్ అవర్స్ మిగిలి ఉందనుకున్నా పదిహేను గంటలు. సెల్ దిగుతున్నకొద్దీ వెలుగు తగ్గుతుంది గానీ, సెహ్రీ వేళ కరెంటు పోతే వంటింట్లో స్టవ్ దగ్గర చూసుకోవడానికి, రాత్రి నానీ లేచి బాత్రూమ్‌కు వెళ్లడానికి సరిపోతుంది.

డబ్బాకు పాత టిఫిన్ మూతో, సబ్బు పెట్టో వాడుకోవచ్చు. ఛార్జింగ్ మాత్రం పరుపు మీద, కర్టెన్ పక్కన, అందరూ పడుకున్నాక పెట్టకండి. కంపెనీ పవర్ బ్యాంకుకైనా ఇదే మాట.

సీపీయూ డబ్బాలోని పవర్ సప్లై

దీన్ని విప్పకండి. విప్పకుండానే వాడుకోవచ్చు. 24 రంధ్రాల పెద్ద కనెక్టర్‌లో పచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దాన్ని ఏ నల్ల వైరుతో కలిపినా కంప్యూటర్ లేకుండానే సప్లై ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు అన్నిటికీ మైనస్. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల కరెంటు దొరకదు. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, కారు స్పీకర్ ఆంప్లిఫైయర్, పాత కంప్యూటర్ ఫ్యాన్ అన్నీ నడుస్తాయి. బయట వోల్టులు తక్కువే కాబట్టి షాక్ భయం లేదు, ఆంపియర్ల భయం మాత్రం ఉంది. పసుపు వైరు పది ఆంపియర్లకు పైనే ఇవ్వగలదు, సన్నటి వైరు షార్ట్ అయితే ఎర్రగా కాలిపోతుంది. మధ్యలో రెండు ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టించండి. కొన్ని పాత మోడళ్లలో ఎరుపు వైరు మీద కాస్త లోడు లేకపోతే 12 వోల్టులు స్థిరంగా నిలవవు. చిన్న బల్బు ఒకటి తగిలిస్తే సర్దుకుంటుంది.

మిగిలిన బోర్డు ఎక్కడికి పోతుంది

ఢిల్లీ సీలంపూర్, యూపీలో మొరాదాబాద్. రెండూ మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లే, దేశం పారేసిన కంప్యూటర్లు చేరే చోట్లు కూడా. ఇత్తడి పనికి పేరున్న మొరాదాబాద్‌లో ఆ పని తగ్గాక చాలా కుటుంబాలు సర్క్యూట్ బోర్డులు కాల్చి, యాసిడ్‌లో కడిగి రాగి తీసే పనికి మళ్లాయి. బూడిద రామగంగ ఒడ్డున పోసేవారు. పొగ పీల్చింది ఆ ఇళ్లలోని ఆడవాళ్లు, పిల్లలు. మన ఊళ్లలోనూ ఖాళీ జాగాల్లో వైర్లు కుప్పపోసి కాల్చడం చూస్తూనే ఉంటాం. ఆ వైరు తొడుగు పీవీసీ. కాలితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పొగ, డయాక్సిన్లు వస్తాయి. వైరును బ్లేడుతో చీల్చి రాగి తీసినా అదే రాగి వస్తుంది, కాల్చనిదైతే మెరుపు పోక కాస్త మంచి ధరే పలుకుతుంది. కాల్చేది టైము మిగలడానికే. ఆ మిగిలిన టైముకు ఖరీదు కట్టేది ఊపిరితిత్తులు.

ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు అందింది 22.3 శాతమే. మన దేశంలో 2022లో తెచ్చిన ఈ-వేస్ట్ నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అమ్మిన కంపెనీలే తమ వస్తువులు రీసైకిల్ అయ్యేలా బాధ్యత తీసుకోవాలి. బ్యాటరీలకు వేరే నియమాలు ఉన్నాయి. కాబట్టి పెద్ద బ్రాండ్ల షోరూమ్‌లలో పాత వస్తువు తీసుకుంటారా అని అడగడం మీ హక్కు. గీకి తీసిన బోర్డులు, ఏరివేతలో పోయిన సెల్స్ అక్కడికే చేర్చండి. సెల్స్ రెండు కొసలకూ టేపు వేసి ఇవ్వాలి. మున్సిపాలిటీ చెత్త బండిలో వేస్తే నలిగి నిప్పంటుకుంటుంది, ఆ బండిలో పనిచేసేవాళ్లూ మనుషులే.

ఇంకో మాట, ఇది పెద్దవాళ్లకు. కంప్యూటర్‌ను ఇచ్చేసే ముందు హార్డ్ డిస్క్ తీసి ఉంచుకోండి. ఫోటోలు డిలీట్ చేసినా, మామూలు ఫార్మాట్ కొట్టినా తిరిగి తీయగలిగేవాళ్లు ఉంటారు. పెళ్లి ఫోటోలు, ఆడపిల్లల ఫోటోలు, ఆధార్ స్కాన్లు ఎవరి చేతిలో పడతాయో తెలియదు. డిస్క్ మీద పూర్తిగా వేరే డేటా రాయించండి, లేదా విప్పి లోపలి పళ్లెంను పాడుచెయ్యండి. ల్యాప్‌టాప్ చిన్న డిస్కుల్లో పళ్లెం చాలావరకు గాజుది, వంచితే ముక్కలై ఎగురుతుంది. గుడ్డలో చుట్టి కొట్టండి. లోపల దొరికే రెండు అయస్కాంతాలు ఇంత చిన్నవైనా వేళ్లు మధ్యలో పడితే రక్తం కళ్లజూస్తాయి. చిన్నపిల్లలకు అందనివ్వద్దు.

ఇక ఇవన్నీ చేస్తూ కూర్చుంటే చదువు సంగతేమిటని అబ్బాలు అడుగుతారు. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా మూడేళ్లు. అక్కడ మొదటి ఏడాది నేర్పే రంగుల కోడ్, ఓమ్ సూత్రం, మీటర్ పట్టడం ఈ పిల్లలకు అటక మీదే వచ్చేస్తాయి. అమ్మాయిలకూ ఇది సరిగ్గా కుదిరే పని. ఇంట్లోనే కూర్చుని చేయొచ్చు, సన్నటి చేతి పని. మెహందీ కోన్ నిలకడగా పట్టే చెయ్యి సోల్డరింగ్ ఐరన్ కూడా పడుతుంది.

దీపం చేసుకున్నవాళ్లు మర్చిపోయేది ఒకటే. వాడకుండా పెట్టేసినా సెల్ నెమ్మదిగా దిగుతుంది. మూడు నెలలకోసారి తీసి, వెలిగించి చూసి, ఛార్జ్ పెట్టి మళ్లీ దాని చోట ఉంచండి. అటక మీద కాదు, చీకట్లో చెయ్యి పెడితే తగిలే చోట.